గడియ ఊడదీసిన తలుపు

మా అత్తయ్య తుంటి ఎముకకి ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మర్నాడే మా బాత్రూమ్ తలుపుకున్న గడియ ఊడిపోయింది. ఊడిపోయిందంటే దానంతట అది ఊడలేదు. హోమ్‌కేర్ ఆఫీసు నుంచి వచ్చిన నర్సు చెప్పింది, మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని ఊడదీశారు. బల్బు మార్చమంటే వారం తిప్పించుకునే మనిషి, ఆ పని మాత్రం నర్సు చెప్పులేసుకుని గుమ్మం దాటకముందే పూర్తి చేశారు.

ఆ నర్సుని తప్పుపట్టడానికి లేదు. గది గదీ తిరిగి చూసింది. గుమ్మాల దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టాలు తీయించింది. కమోడ్ పక్కన గోడకి పట్టుకోవడానికి స్టీలు కడ్డీ బిగించమంది. చివర్న బాత్రూమ్ తలుపు వెనక్కి తొంగి చూసి, "ఈ గడియ తీసేయండి. లోపల వేసుకుని పడిపోతే తలుపు పగలగొట్టాల్సి వస్తుంది," అంది. న్యాయమైన మాటే. మేమిద్దరం బుద్ధిగా తలలూపాం. మంచం మీదున్న అత్తయ్య మాత్రం ఊపలేదు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు కూడా.

ఆ గడియంటే అత్తయ్యకి ఎందుకంత పట్టింపో చెప్పాలి. మా మామగారు ఉద్యోగం కోసం ఆవిణ్ణి తెనాలి వైపు నుంచి హైదరాబాదు తీసుకొచ్చినప్పుడు గడ్డిఅన్నారంలో ఒక వాటాలో అద్దెకున్నారట. అన్ని వాటాలకీ కలిపి పెరట్లో ఒకటే బాత్రూమ్. రేకు తలుపు, దానికి గడియ లేదు. స్నానం చేస్తున్నంతసేపూ ఒక కాలు తలుపుకి తన్నిపెట్టి ఉంచేదాన్నని ఆవిడ ఇప్పటికీ చెబుతారు. తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ ఫ్లాట్ కొన్నప్పుడు అందరూ హాలు ఎంతుందో చూస్తుంటే, ఆవిడ తిన్నగా బాత్రూమ్‌లోకి వెళ్ళి, లోపల్నుంచి గడియ వేసి, తీసి, బయటికొచ్చి "బాగుంది" అన్నారట. ఇల్లంతటికీ కలిపి ఆవిడిచ్చిన సర్టిఫికెట్టు అదొక్కటే.

నేను కోడలిగా వచ్చాక ఆ గడియ మహిమ నాకూ తెలిసొచ్చింది. ఒకసారి వేసుకున్నారంటే కుక్కర్ కూతపెట్టినా, కాలింగ్ బెల్ మోగినా, ఎవరేం అరిచినా ఆవిడ పలకరు. ఉన్నదొక్కటే బాత్రూమ్. ట్యూషన్ పిల్లలు వచ్చే వేళకి తయారవ్వాల్సిన నాకు ఒళ్ళు మండిపోయేది.

అలాంటి మనిషి తోపుడుబండి దగ్గర బెండకాయలు బేరమాడుతూ, బండివాడు ఎంతకీ దిగిరావడం లేదని అలిగి వెనక్కొక అడుగు వేసి, ఫుట్‌పాత్ అంచు చూసుకోక పడిపోయారు. ఎల్బీనగర్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, చేతికి వాకర్ ఇచ్చి, నెలన్నర పాటు ఇంట్లో ఒక మనిషి తోడుంటే మళ్ళీ తన పనులు తనే చేసుకుంటారని చెప్పి పంపించారు.

హోమ్‌కేర్ ఆఫీసు వాళ్ళు పంపిన ఆ తోడు మనిషి నల్లగొండ వైపు అమ్మాయి. ముప్పై దాటి ఉంటాయి. సరూర్‌నగర్‌లో కిరాయికుంటోంది. పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా ఉండేది. చాలా జాగ్రత్త గల పిల్ల. చేతులు కడుక్కోనిదే అత్తయ్యని ముట్టుకునేది కాదు. వాకర్‌తో నడిపిస్తున్నంతసేపూ ఒక చెయ్యి ఆవిడ నడుం వెనక పెట్టి ఉంచేది, తగలకుండా, కానీ తగలడానికి సిద్ధంగా. ఒక్కటే చిక్కు. బాత్రూమ్‌లోకి కూడా వెంట వెళ్ళి ఎదురుగా నిలబడేది. అత్తయ్య బయటికి పొమ్మన్నారు.

"నేను పోనమ్మ," అంది. "పోయిన ఇంట్ల తాత గిట్లనే లోపట గడె పెట్టుకుండు. పడ్డడు. తలుపు పలగ్గొట్టేదాంక మూలుగుతనే ఉన్నడు. గా సప్పుడు ఇంక నా చెవులల్లనే ఉన్నది."

ఆ మాటకి అత్తయ్య ఇంకేం ఎదురు చెప్పలేదు. మాటకి మాట చెప్పకుండా ఊరుకోవడం ఆవిడ స్వభావం కాదు.

చూడ్డానికొచ్చినవాళ్ళు తెచ్చిన బత్తాయిలతో మా హాలు నిండిపోయింది. గడ్డిఅన్నారంలో పళ్ళ మార్కెట్టు ఎత్తేశారని మా ఇల్లు చూసినవాళ్ళెవరూ నమ్మేవారు కాదు. రసం తీసిస్తే అత్తయ్య పులుపనేవారు. మజ్జిగిస్తే జలుబనేవారు. నీళ్ళ సీసా మాత్రం సాయంత్రానికి ఖాళీ అయ్యేది. "అమ్మ నీళ్లు మంచిగ తాగుతుందక్క," అని ఆ అమ్మాయి నాకు సంబరంగా సీసా ఎత్తి చూపించేది. మంచం పక్కన కిటికీలో ఉన్న మనీప్లాంట్ మాత్రం ఎందుకో మొదలంటా కుళ్ళిపోయింది. ఎండ తగలక అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం హాల్లో నడుస్తూ నడుస్తూ అత్తయ్య ఆగిపోయారు. "కళ్ళు తిరుగుతున్నాయే," అని వాకర్ వదిలేశారు. ఆ అమ్మాయి వెనకనుంచి చంకల కింద చేతులు వేసి, తన మోకాలి మీదుగా ఆవిణ్ణి మెల్లగా నేల మీదికి జార్చి తనూ కూలబడింది. అత్తయ్య తల ఆమె గుండెల మీద వాలిపోయింది. "అమ్మా, ఇటు సూడు, ఇటు సూడమ్మా," అంటోంది. అతికీ అతకని ఎముక మళ్ళీ విరిగిందేమో, ఈ మనిషి ఇంక లేవదేమో అని ఏడుపొచ్చేసింది.

ఆసుపత్రిలో ఫొటో తీసి తుంటికేం కాలేదన్నారు. డాక్టరు నాలుక చూపించమన్నాడు. పిడచకట్టుకుపోయి ఉంది. "మీ పేషెంటు నీళ్ళు తాగడం లేదు," అన్నాడు.

"తాగుతుంది సార్, నేనే సీసా నింపుతున్న," అంది ఆ అమ్మాయి కళ్ళనీళ్ళతో.

సెలైన్ పెట్టి సాయంత్రానికి పంపించేశారు. వస్తుంటే దారిలో నాకు కుళ్ళిపోయిన మనీప్లాంట్ గుర్తొచ్చింది. ఎల్బీనగర్ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర కారాగినప్పుడు అడిగాను. అడిగానంటే అరిచాను. "నీళ్ళన్నీ కుండీలో పోసేసి ఎవర్ని మోసం చేస్తున్నారండీ అత్తయ్యా? ఇవాళ ఈ పిల్ల పట్టుకోకపోతే ఏమయ్యేది?"

అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు. "తాగితే వెళ్ళాలి. వెళితే ఎదురుగా మనిషి నిలబడుతుంది. నాకు అలా రాదే. ఎంత కూర్చున్నా రాదు. నా ఇంట్లో నేను తలుపేసుకునే యోగం కూడా లేకుండా పోయింది."

ముందు సీట్లో కూర్చున్న అమ్మాయి తల వంచుకుంది. నా కోపం ఎటు పోయిందో తెలియదు. డెబ్బై దాటిన మనిషి, దాహం ఆపుకుని, ఎవరూ చూడకుండా మొక్కకి నీళ్ళు పోస్తూ గడిపిందంటే నా మనసు చివుక్కుమంది. ఆవిడ చెయ్యి నా ఒళ్ళోకి తీసుకున్నాను. వద్దనలేదు.

ఇంటికొచ్చి గడియ మళ్ళీ బిగించమన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. "పడితే?" అన్నారు.

"పడకుండా దాహంతో ఎండగట్టి చంపుదామా?" అన్నాను.

నర్సుకి ఫోన్ చేసి కడిగేద్దామనుకున్నాను గానీ ఆ మనిషి కడిగించుకునే రకం కాదు. నేను చెప్పేదంతా విని, "గడియ వద్దన్నాను గానీ తలుపు వెయ్యొద్దనలేదు మేడమ్," అంది నిదానంగా. "కూర్చోబెట్టేటప్పుడు, లేపేటప్పుడు పట్టుకోవాలి. మధ్యలో తలుపు దగ్గరికేసి బయట ఉండొచ్చు. ఒక్క కేకకి అందితే చాలు. ఆ అమ్మాయికి కూడా సరిగ్గా చెప్పాల్సింది. నేను మాట్లాడతాను."

అత్తయ్యకి అదీ నచ్చలేదు. గడియ లేని తలుపు తలుపే కాదన్నారు. ఎవరైనా తోసుకొచ్చేస్తే?

అప్పుడా అమ్మాయి అంది, "మా ఇంటికాడ అన్ని పోర్షన్లకు ఒక్కటే బాత్రూమ్ అక్క. గడె ఎప్పుడో ఊడింది. లోపటికి పొయ్యేటోళ్లు తలుపు మీద తువ్వాల ఏస్తం. తువ్వాల ఉంటె ఎవ్వరు గా దిక్కు రారు. అమ్మకు గూడ గట్లనే ఏద్దాం."

అత్తయ్య దిగ్గున తలెత్తారు. "నాకు చెబుతావేమిటే తువాలు సంగతి? గడ్డిఅన్నారంలో కాలు తన్నిపెట్టి, పైన నేను వేసిందీ తువాలే. ఆ తువాలు బతుకు వద్దనే కదా ఈ ఇల్లు కొనుక్కున్నది. తిప్పి తిప్పి నన్ను మళ్ళీ అక్కడికే తెచ్చారా?"

ఆ అమ్మాయి వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చుంది. "గడె పెట్టుకునేదాంకనే అమ్మ. నీ అంతల నువ్వు కూసోని, నీ అంతల నువ్వు లేసినవనుకో, సారుకు చెప్పి నేనే పెట్టిపిస్త. నాకైతే ఇంక గడె రాలె. నీకొస్తది."

అత్తయ్య ఆ పిల్ల వైపు చెయ్యి చాపారు. "కాసిని నీళ్ళియ్యి," అన్నారు.

అలా మా ఇంట్లో తువాలు రాజ్యం మొదలైంది. పొడుగాటి తువాలు తలుపు పైనుంచి సగం లోపలికి, సగం బయటికి వేలాడేది. లోపల ఏమైనా తేడా చేస్తే అత్తయ్య దాన్ని లాగేయాలి. బయటినుంచి తువాలు మాయమైతే ఆ అమ్మాయి లోపలికి పరుగెత్తాలి. బాత్రూమ్ ఇరుకని ఇన్నేళ్ళూ సణుక్కున్నాం గానీ, కూర్చున్నచోటికి తువాలు అందిందంటే ఆ ఇరుకు పుణ్యమే. మా ఆయన ఆఫీసుకి టైమైపోతోందని గింజుకుంటుంటే, "తువ్వాల ఉంది సారు," అని ఆ అమ్మాయి తలుపుకి అడ్డంగా స్టూలేసుకుని కూర్చునేది. ఒకరోజు తువాలు సర్రున లోపలికి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి ఒక్క ఉరుకులో లోపలుంది. నేను గరిట పట్టుకునే వెనకాల పరుగెత్తాను. అత్తయ్య నిమ్మళంగా కూర్చుని ఉన్నారు. "నిజంగా వస్తారో రారోనని చూశా," అన్నారు. నాకు మండింది. వాళ్ళిద్దరూ మాత్రం కడుపుబ్బా నవ్వుకున్నారు.

బత్తాయి రసంలో పులుపు పోయింది. మజ్జిగతో జలుబూ చెయ్యలేదు. ఫిజియోథెరపీకి వచ్చే కుర్రవాడు, "లేచి తిరిగాక ముందు ఎక్కడికెళ్ళాలనుందమ్మా, గుడికా?" అనడిగితే, "బాత్రూమ్‌కి. వెళ్ళి గడియ వేసుకోవాలి," అన్నారు. అతను నవ్వబోయి ఆవిడ మొహం చూసి మానేశాడు. ఆ రోజు నుంచి చేయించిందంతా దానికోసమే. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, మళ్ళీ దభీమని పడకుండా కూర్చోవడం. నొప్పికి పళ్ళు బిగించి తిట్టేవారు. తిట్లు అతనికి కాదు, బెండకాయల బండివాడికి.

ఆ అమ్మాయి పని ముగిసే రోజున నర్సు మళ్ళీ వచ్చింది. అత్తయ్య కడ్డీ పట్టుకోకుండా కూర్చుని, లేచి, చేతికర్రతో నడిచి చూపించారు. లోపల వేసుకున్నా, అవసరమైతే బయటినుంచి కూడా తీయగలిగే రకం గడియ పెట్టుకోమని చెప్పి నర్సు వెళ్ళింది. మా ఆయన అప్పటికప్పుడు వెళ్ళి తెచ్చి బిగించి, ఏదో కొంపమునిగే పనున్నట్టు హడావుడిగా మళ్ళీ బయటికెళ్ళారు. అసలు సంగతేమిటంటే, గడియ పడే చప్పుడు వినడానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

అత్తయ్య లోపలికి వెళ్ళారు. గడియ పడింది. నేనూ ఆ అమ్మాయీ తలుపుకి ఇవతల నిలబడ్డాం. లోపల అలికిడి లేదు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. నేనుండబట్టలేక, "అత్తయ్యా, బాగానే ఉన్నారా?" అన్నాను.

"ఇంకా అక్కడేం చేస్తున్నారర్రా? వెళ్ళి కాఫీ పెట్టు. డికాక్షన్ గట్టిగా వెయ్యి," అని వినిపించింది.

ముగ్గురం హాల్లో కూర్చుని కాఫీ తాగాం. వెళ్ళడానికి ఆ అమ్మాయి సంచి సర్దుకుంటోంది.

"మీ ఇంటి ఓనరు నంబరు చెప్పు. గడియ సంగతి నేను మాట్లాడతా," అన్నారు అత్తయ్య.

ఆ అమ్మాయి నవ్వేసింది. "ఒద్దమ్మ. గడె అడిగితె ఇల్లే ఖాళీ చెయ్యమంటడు."

అత్తయ్య కాఫీ గ్లాసు కింద పెట్టారు. "లోపలికి వెళ్ళి స్నానం చేసి వెళ్ళు," అన్నారు. ఆవిడ బాత్రూమ్‌లో ఇంటి మనిషి కానివాళ్ళు స్నానం చెయ్యడం నేనెన్నడూ చూడలేదు.

"ఒద్దమ్మ, ఇంటికి పొయ్యి చేస్త."

"ఇంటికెళ్ళి తువాలేసుకుని చేస్తావా? నీళ్ళు వేడిగా ఉన్నాయి. వెళ్ళు. గడియ వేసుకో."

ఆ అమ్మాయి నా వంక చూసింది. నేను తలూపాను. సంచిలోంచి ఇంటికి వేసుకెళ్ళే బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళింది. గడియ వేసుకుంది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది, ఆగింది, మళ్ళీ వినిపించింది. ఇంతలో మా ఆయన చెమటలు కక్కుతూ బయటినుంచి వచ్చి, చొక్కా విప్పుకుంటూ తిన్నగా బాత్రూమ్ వైపు నడిచారు. తలుపు తట్టడానికి చెయ్యెత్తారు.

"ఆగరా," అన్నారు అత్తయ్య. "లోపల మనిషి ఉంది."