నడి ఏట్లో ఏడో అంశం

మునిసిపల్ ఆఫీసులో ఆమెను అందరూ అంశాలమ్మ అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఊరి కమిటీలు వచ్చే సమావేశంలో ఏయే విషయాలు చర్చిస్తాయో ఆ అంశాల జాబితాను టైపు చేయడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఇంట్లో కూడా "ఒకటి, పాలు విరిగాయి. రెండు, కుళాయి కారుతోంది" అన్నట్టే మాట్లాడుతుందని ఆడపడుచు వేళాకోళం చేసేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆమెకున్న జబ్బల్లా పరధ్యానం. మూడవ వీధి మురుగు కాలువ అని టైపు చేస్తుంటే వేళ్ళు మీటల మీదే ఉండేవి, మనిషి మాత్రం మూడవ వీధికి వెళ్ళిపోయేది. వీధి దీపాల మరమ్మతు అని కొడితే ఆమె కళ్ళ ముందు ఒక్కో దీపం మెల్లగా వెలుగుతూ పోయేది, చివరి దీపం కింద ఎవరో నిలబడి ఉన్నట్టుండేది. ఎవరా అని తేరిపార చూసేలోగా కార్యదర్శి గదిలో గంట మోగేది. చిత్రమేమిటంటే, ఇంత కలల్లో తేలే మనిషి చేతి నుంచి ఇన్నేళ్ళలో ఒక్క అచ్చుతప్పు కూడా బయటకు పోలేదు.

జాబితా శుక్రవారం మధ్యాహ్నం ఆమె బల్ల మీదికి వచ్చేది. సోమవారం ఉదయం పది గంటలకు ఊళ్ళో ఐదు చోట్ల అంటించేవారు. గురువారం పదకొండింటికి సమావేశం. శుక్రవారానికీ సోమవారానికీ మధ్య అందులో ఏముందో ఆమె ఎవరి చెవినా వేసేది కాదు. ఆమెకు ముందు ఆ కుర్చీలో ఉన్నాయన మార్కెట్లో కొట్లు కేటాయించే సంగతి తన బావమరిదికి రెండు రోజులు ముందుగా చెప్పాడు. తీరా ఊరందరికీ తెలిసేసరికి కొట్లన్నీ అయిపోయాయి. కూరగాయల గంపతో రెండేళ్ళు ఎండలో కూర్చున్న మనిషి ఆఫీసు మెట్ల మీద కూలబడి ఏడవడం అంశాలమ్మ ఉద్యోగంలో చేరిన వారంలోనే చూసింది. మంచి వార్తయినా చెడ్డ వార్తయినా ఊరందరికీ ఒకే గంటకు తెలియాలని ఆ రోజే మనసులో గట్టిగా అనుకుంది. ప్రతి శుక్రవారం సాయంత్రం "ఈసారి ఏమున్నాయే?" అని ఆడపడుచు గుచ్చి గుచ్చి అడిగేది. "సోమవారం బోర్డు చూడు వదినా" అనేది ఈమె. కుట్టుమిషను ముందు కూర్చున్న ఆ పెద్దావిడ మూతి ముడిచి సూదిలో దారం ఎక్కించుకునేది.

అంటించే ఐదు చోట్లలో చివరిది రేవు దగ్గరి రేకుల షెడ్డు. ఆఫీసు బంట్రోతుకు నీళ్ళంటే భయం. అందుకని అక్కడికి వెళ్ళే రెండు కాగితాలూ అంశాలమ్మే తీసుకుపోయి పడవాయన చేతిలో పెట్టేది. పడవాయన ఆమె భర్తే. అతనిదీ మునిసిపాలిటీ ఉద్యోగమే. ఏటికి అడ్డంగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మోకు కట్టి ఉంటుంది, పద్నాలుగు మంది పట్టే పడవను దాని వెంట చేతులతో లాగుకుంటూ పోవాలి. అవతలి ఒడ్డున ఇళ్ళు, ఇవతలి ఒడ్డున పనులు. ఎగువన కొత్త వంతెన వచ్చింది కానీ దాని మీదుగా నడిచి రావాలంటే ముప్పావుగంట పడుతుంది.

అతను ఒక కాగితం షెడ్డుకు అంటించేవాడు, రెండోది మడిచి జేబులో పెట్టుకునేవాడు. పడవ నడి ఏట్లోకి రాగానే మోకు వదిలేసేవాడు. ఏరు నిదానం మనిషి లాంటిది, పడవ ఉన్నచోటే కాస్త ఊగుతూ ఉండేది. ఉదయం పూట పొగమంచులో రెండు ఒడ్లూ కనపడేవి కావు. ఆ తెల్లదనం మధ్యలో నిలబడి అతను కాగితం విప్పి చదివేవాడు, ఉన్నది ఉన్నట్టు కాదు, తన మాటల్లో. "మూడవ వీధి యందు గల మురుగు కాలువ పూడికతీత పనులకు గాను ఆమోదము కొరకు" అని కాగితంలో ఉంటే, మూడో వీధి వాళ్ళు ముక్కు మూసుకోకుండా తిరిగే రోజు రావచ్చు, కమిటీ వాళ్ళు సరేనంటే, అని చెప్పేవాడు. ఆ సర్కారు భాషను బోర్డు మీద చదివి అర్థం చేసుకున్న మనిషి ఆ ఊళ్ళో ఇంతవరకూ పుట్టలేదు. ఊరి సంగతులు ఊరికి తెలిసేది పడవలోనే. అతను మాత్రం ముందుగా ఒక్క ముక్క కూడా చూసుకునేవాడు కాదు. ముందే చదివితే చప్పబడిపోతుందనేవాడు.

ఆ శుక్రవారం జాబితాలో పన్నెండు అంశాలున్నాయి. ఆరోది పార్కు గేటు. ఆమె ఆ గేటు దాటి గడ్డిలోకి నడుస్తూనే ఏడోదానికి వచ్చింది. "నిరుపయోగంగా ఉన్న రేవు పడవ సర్వీసును నిలుపుదల చేసి, సదరు పడవను వేలం వేయుటకు గాను కమిటీ వారి ఆమోదము కొరకు." వేళ్ళు ఆగకుండా టైపు చేసేశాయి. తరవాత ఆమె ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటినుంచి చదివింది. ఎప్పటిలాగే కాగితం అడుగున ఎడమపక్క తన పొడి అక్షరాలు, శుక్రవారం తేదీ కొట్టి సంతకానికి పంపింది. మునిసిపాలిటీ జీతం తీసుకునేవాళ్ళు కమిటీ ముందు అభ్యంతరం చెప్పకూడదు. అది ఆమెకూ వర్తిస్తుంది, అతనికీ వర్తిస్తుంది.

శనివారం అతను పడవను ఒడ్డుకు లాగి రంగు వేశాడు. పాత ఆకుపచ్చ గీకేసి నీలం వేద్దామని ఎన్నాళ్ళనుంచో ముచ్చటపడుతున్నాడు. రంగు డబ్బా పట్టుకుని నిలబడటం ఆమె వంతు. ఈ రంగు ఐదేళ్ళు ఉంటుందని కొట్టువాడు చెప్పాడట, ఐదేళ్ళ తరవాత అంచుకు తెల్ల గీత కూడా వేద్దామన్నాడు. ఆమె డబ్బాను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. చెప్పెయ్యి, చెప్పెయ్యి అని లోపల ఎవరో పోరుతూనే ఉన్నారు. కూరగాయల గంప మనిషి కూడా అక్కడే ఎక్కడో ఒడ్డున కూర్చుని ఉన్నట్టనిపించింది. నీలం చుక్కలు ఆమె పాదాల మీద పడుతున్నా చూసుకోలేదు. "నీ పరధ్యానం పాడుగాను" అని అతను నవ్వాడు.

ఆదివారం మధ్యాహ్నం కునుకు పట్టింది. కలలో ఆఫీసు హాలు నిండా నీళ్ళు. బల్లలు తేలుతున్నాయి, కాగితాలు తేలుతున్నాయి, కమిటీ సభ్యులు కుర్చీలతో సహా మెల్లగా కిటికీల వైపు కదిలిపోతున్నారు. ఆమె టైపు చేస్తూనే ఉంది. ఒక్కో అక్షరం కాగితం మీంచి లేచి చేపపిల్లలాగా నీళ్ళలోకి జారిపోతోంది. ఏదో అక్కరకొచ్చే మాట ఒకటి కొట్టాలి, ఆ మాటేమిటో గుర్తు రావడం లేదు. లేచేసరికి దిండు తడిసి ఉంది. ఆడపడుచు తలుపు దగ్గర నిలబడి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉందని చెప్పింది.

సోమవారం పదింటికి ఆమె కాగితాలు తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టింది. ఎప్పుడూ ఇచ్చేసి వెనక్కి తిరిగే మనిషి, ఆ రోజు పడవెక్కి కూర్చుంది. చాకిరేవు పెద్దమ్మ, ఆసుపత్రి నర్సు, గడియారాలు బాగుచేసేవాడు, బిస్కెట్ ఫ్యాక్టరీ ఆడవాళ్ళు కొందరు ఉన్నారు. కొత్త రంగు బాగుందని అందరూ మెచ్చుకున్నారు. మంచు ఇంకా విడలేదు. నడి ఏట్లో అతను మోకు వదిలి కాగితం విప్పాడు. మొదటి అంశానికి నవ్వారు, నాలుగోదానికి గడియారాల మనిషి ఏదో గొణిగాడు. ఆరోది పార్కు గేటు అయింది.

"ఏడు," అన్నాడు అతను. "ఈ పడవ ఎవరికీ అక్కర్లేదట. ఆపేసి వేలం వేస్తారట. కాదనేవాళ్ళు ఎవరైనా ఉంటే గురువారం పదకొండింటికి వచ్చి చెప్పొచ్చు."

గొంతు మారలేదు. అదే గొంతుతో ఎనిమిదోది కూడా చదివాడు, వీధి కుక్కల గురించి. పన్నెండూ అయ్యాక కాగితం మడుస్తూ అడుగున చూశాడు. పొడి అక్షరాలు, శుక్రవారం తేదీ. ఒక్కసారి ఆమె వైపు చూసి మోకు అందుకున్నాడు. ఆమెకు ఆ మంచులో కలిసిపోతే బాగుండుననిపించింది.

ఆ మూడు రోజులూ ఇంట్లో అతను అవసరానికి మించి పలకలేదు. అన్నం తిన్నాడు, పనికి వెళ్ళాడు, వచ్చాడు. సంగతి పడవలో విన్నవాళ్ళ ద్వారా తెలిసిన ఆడపడుచు మాత్రం ఊరుకోలేదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పకపోతే ఆ నోరెందుకని నిలదీసింది. ఊళ్ళో ఉన్నది ఆయనొక్కడే కాదు వదినా, అందరికీ ఒకే గంటకు తెలియాలి, అని ఈమె జవాబు చెప్పింది. చెప్పిందే కానీ తన మాట తనకే డొల్లగా వినపడింది. అతని పని పోతే పోయింది, అతను తనను ఇక నమ్మడేమో, అదే ఆమె బెంగ.

గురువారం హాల్లో అంశాలను పైకి చదివేదీ ఆమే. ప్రజల కోసం వేసిన బెంచీల మీద మామూలుగా ఒక ముసలాయన ఉంటాడు, అదీ ఫ్యాను గాలి కోసం. ఆ రోజు ఆయన పక్కన పద్నాలుగు మంది ఇరుక్కుని కూర్చున్నారు. కమిటీ సభ్యులు మొదటి ఆరు అంశాలనూ పావుగంటలో తేల్చేశారు. ఆమె ఏడోది చదివింది. తన నోట్లోంచి వస్తున్న మాటలు ఎవరివో అన్నట్టుగా దూరం నుంచి వినిపించాయి. సర్వే ప్రకారం రోజుకు పదకొండు మందే పడవెక్కుతున్నారని ఇంజనీరు లేచి చెప్పాడు.

చాకిరేవు పెద్దమ్మ చెయ్యెత్తింది. "ఆ లెక్క ఏ రోజు రాసుకున్నారు బాబూ?"

ఇంజనీరు కాగితాలు తిరగేశాడు. "ఆదివారం" అన్నాడు చివరికి. ఊళ్ళో పనులన్నీ మూసి ఉండే రోజది. బెంచీల మీద నవ్వులు పొంగాయి, ఒకరిద్దరు సభ్యులు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

వచ్చిన ప్రతి మనిషి మాటా విన్నాకే ఓటు వేయాలని నిబంధనల పుస్తకంలో ఉంది. ఇన్నాళ్ళూ ఎవరూ వచ్చిన పాపాన పోలేదు కనుక ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. అంశాలమ్మ పుస్తకం తెరిచి అధ్యక్షురాలి ముందు పెట్టింది. ఒక్కొక్కరూ లేచి చెప్పడం మొదలుపెట్టారు. నర్సు చెప్పింది, గడియారాల మనిషి చెప్పాడు. పద్నాలుగో మనిషి ముగించే సమయానికి తలుపు తెరుచుకుని ఇంకో పద్నాలుగు మంది లోపలికి వచ్చారు. వాళ్ళు ముగించేలోగా ఇంకో పద్నాలుగు మంది. ఒకామె లేచి, "నాకు చెప్పడం రాదు. రోజూ ఎక్కుతాను, అంతే" అని కూర్చుంది. ఆమె మాటను కూడా అంశాలమ్మ రాసుకుంది.

ఆమె కుర్చీ పక్క కిటికీలోంచి ఏరు కనపడుతుంది. మంచు విడిపోయి నీళ్ళ మీద ఎండ మెరుస్తోంది. ఆ మెరుపులో ఒక నీలం మరక అటు పోతోంది, ఇటు వస్తోంది, మళ్ళీ అటు పోతోంది. లోపలి మాటలు సన్నగిల్లి, మోకు కిర్రుమనే చప్పుడు చెవిలో పడుతున్నట్టుంది. అంత దూరం నుంచి అది వినపడే వీలు లేదు. అయినా విన్నది.

ఒంటిగంట దాటింది. సభ్యులు ఆకలితో కుర్చీల్లో ఇటూ అటూ కదులుతున్నారు. తలుపు మళ్ళీ తెరుచుకుంది. అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంకా ఎంతమంది ఉన్నారమ్మా?" అని అడిగింది.

"పడవ ఆగేదాకా వస్తూనే ఉంటారమ్మా" అంది చాకిరేవు పెద్దమ్మ.

అధ్యక్షురాలు ఇంజనీరు వైపు చూసింది, ఇంజనీరు కిందికి చూశాడు. అంశం నంబరు ఏడును ఉపసంహరించుకోవడమైనది అని అంశాలమ్మ రాసింది. ఆ డొంకతిరుగుడు సర్కారు మాట అంత అందంగా ఉంటుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

సాయంత్రం చివరి పడవలో ఆమె ఒక్కతే ఎక్కింది. అతని అరచేతులు రెండూ పొక్కిపోయి ఉన్నాయి. జరగండి అని చెప్పి మోకు తను అందుకుంది. అతను కాదనలేదు, అంచు మీద కూర్చుని చేతులు నీళ్ళలో పెట్టుకున్నాడు. ఏరంతా పలచటి కాషాయ రంగులో ఉంది. పడవ నడి ఏట్లోకి వచ్చింది.

"శుక్రవారం నుంచీ తెలుసండీ నాకు" అంది ఆమె.

"చూశాను, కింద తేదీ ఉందిగా."

"కోపం వచ్చిందా?"

"ఎందుకు రాదు? రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డావు, ఒక్క ముక్క చెప్పలేదు. సోమవారమంతా మండిపోయాను." అతను చేతులు నీళ్ళలోంచి తీసి చూసుకున్నాడు. "తరవాత ఆలోచిస్తే తెలిసింది. నువ్వు ముందే చెప్పుంటే నేను ఏడోది చదివేవాణ్ణే కాదు. ఆరు చదివి ఎనిమిదికి దూకేవాణ్ణి. నా కోసం నేనే చెయ్యి చాపినట్టుంటుందని సిగ్గుపడేవాణ్ణి. చదువుతూ చదువుతూ మీద పడింది కాబట్టి నోట్లోంచి వచ్చేసింది."

"అయితే ఎవరికీ తెలిసేది కాదు."

"ఎవరూ వచ్చేవాళ్ళు కాదు."

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. వారం రోజులుగా కడుపులో దాచుకున్నదంతా వెళ్ళగక్కి ఏడ్చింది, మోకు లాగడం మాత్రం మానలేదు. అతను ఊరుకోమనలేదు. పడవ ఒడ్డుకు తగిలి ఆగిపోయింది. ఆమె ఇంకా లాగుతూనే ఉంది. రేవు వచ్చేసిందని అతనూ చెప్పలేదు.