పుస్తకంలో పదివేలని ఉంది

మాసయ్య నా బండి ఎక్కే ముందు చెప్పులు విప్పేవాడు. వాటిని ఓ గుడ్డసంచిలో వేసి సీటు వెనక పెట్టుకుని, ఒట్టి కాళ్ళతో బండి నడిపేవాడు. "ఏందయ్యా, గుడా ఇది?" అని నేను నవ్వితే, "కొత్తది గద సార్" అనేవాడు. అలాంటి మనిషిని నేను పదిమంది ముందు దొంగ అన్నాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి మీ చేత అయ్యో అనిపించుకునే యోగ్యత నాకు లేదు.

నా పేరు శ్రీపతి. చిక్కడపల్లిలో లైబ్రరీకి రెండు గల్లీల అవతల మా ఇల్లు. ముప్పై మూడేళ్ళు సర్కారు ఆఫీసులో ఫైళ్ళు చూసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఊరికే ఉంటే పిచ్చెక్కుతుందని, రిటైరయ్యాక వచ్చిన డబ్బు పెట్టి 2012 జనవరిలో ఒక కొత్త లారీ కొని, దాని మీద నీళ్ళ ట్యాంకు కట్టించాను. అప్పట్లో అశోక్‌నగర్‌లో ఏ గల్లీలో చూసినా హాస్టళ్ళే. ఊళ్ళ నుంచి వచ్చి సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు, గదికి ఆరుగురు. వాళ్ళందరికీ పొద్దున ఏడింటికే స్నానాలు. నీళ్ళ గిరాకీకి కొదవేముంటుంది?

డ్రైవరుగా మాసయ్య దొరికాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, నల్లగొండ వైపు వాడు. కవాడిగూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. భార్య కిష్టమ్మ ఒక హాస్టల్లో వంట చేసేది. ఇసుక లారీలు, ఇటుక లారీలు, ట్యాంకర్లు కలిపి ఇరవై ఆరేళ్ళుగా నడుపుతున్నాడు. అంకెలు తప్ప అక్షరాలు రావు. మాట తక్కువ. బీడీ అలవాటున్నా నా బండిలో మాత్రం తాగేవాడు కాదు, దిగి దూరంగా పోయి తాగొచ్చేవాడు.

నేనేమో చదువుకున్నవాణ్ణి! బండితో పాటు కంపెనీవాళ్ళు ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకానికి ఖాకీ అట్ట వేసి, ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీసి పెట్టుకున్నాను. ఇంజన్ ఆయిల్ మొదటిసారి రెండువేల కిలోమీటర్లకు మార్చాలి, తర్వాత పదివేలకు. ఈ ముక్క కింద రెండు గీతలు గీశాను. రెండువేలకు కంపెనీ వర్క్‌షాపుకు నేనే దగ్గరుండి పంపించి మార్పించాను కూడా. వచ్చినవాళ్ళందరికీ ఆ పుస్తకం చూపించేవాణ్ణి. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

మే నెలలో ఒకరోజు అశోక్‌నగర్‌లో నాలుగంతస్తుల హాస్టల్ ముందు బండి ఆగి ఉంది. ఆ ఇళ్ళకు కింద సంపు లేదు, నీళ్ళు నేరుగా పైన డాబా మీది ట్యాంకుకు ఎక్కించాలి. మా బండికి దాని ఇంజన్‌తోనే తిరిగే పంపు ఒకటి ఉంది. ఒక్కోచోట ముప్పావుగంట ఇంజన్ రొద పెడుతూనే ఉండాలి. వసూలు కోసం నేను వెళ్ళేసరికి మాసయ్య పంపు పని ముగించి, ఇంజన్ ఆపి, ఆయిల్ కొలిచే పుల్ల చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సార్, ఆయిల్ మార్పియ్యాలె."

"ఇప్పుడేందయ్యా? మీటరెంతుంది?"

"నాలుగువేల ఎనిమిది వందలు."

"పుస్తకంల ఎంతుందో ఎర్కనా? పదివేలు. బండి తయారుచేసినోనికి తెల్వదా, నీకు తెలుసా?"

"మీటరు చక్రం తిరిగితెనే తిరుగుతది సార్. మన బండి నారాయణగూడల నీళ్ళు నింపుకొని గీడికొస్తది. రెండు కిలోమీటర్లు గూడ ఉండది. మల్ల నిలబడి గంటలు గంటలు పంపు నడుపుతది. గిది నడిచే బండి కాదు సార్, నిలబడే బండి." పుల్ల నా ముందుకు చాపాడు. "నల్లగైతె ఫికర్ లేదు, డీజిల్ బండికి అయితది. జిగట పోయింది. జర వేలు పెట్టి చూడుండ్రి."

నేను వేలు పెట్టలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాను మరి. పైగా మెట్ల మీద నలుగురు పిల్లలు పుస్తకాలు పట్టుకుని వింటున్నారు. వాళ్ళ ముందు ఒక డ్రైవరు నాకు పాఠం చెప్పడమా?

"కవాడిగూడల మీ మెకానిక్ ఎంకయ్య కమిషన్ ఎంతిస్తడయ్యా నీకు?" అన్నాను.

పిల్లలు కిసుక్కున నవ్వారు. మాసయ్య పుల్లను తుడిచి మెల్లగా లోపల పెట్టాడు. "సరే సార్" అన్నాడు. ఆ తర్వాత ఎన్నడూ ఆయిల్ మాట ఎత్తలేదు. బాగా బుద్ధి చెప్పానని ఇంటికొచ్చి మా ఆవిడ విద్యావతితో గొప్పలు పోయాను.

ఆగస్టులో, నారాయణగూడలో మా ట్యాంకర్లు నీళ్ళు నింపుకునే బోరు దగ్గర లైనులో ఆగి ఉన్న బండిలో ఇన్సూరెన్సు కాగితాల కోసం వెతుకుతుంటే సీటు కింద ఒక ఖాళీ ఆయిల్ డబ్బా దొరికింది. పక్కనే ఒక గరాటు, దానికి బిగించిన రబ్బరు పైపు. నా ఒళ్ళు మండిపోయింది. ఇంకేముంది, నా ఇంజన్‌లోని మంచి ఆయిల్ లాగి అమ్ముకుని, ఏదో నాసిరకం నూనె పోస్తున్నాడనుకున్నాను. ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే! ఆగలేదు. డబ్బా పట్టుకుని బండి దిగాను. పొద్దున పూట, లైనులో ఏడెనిమిది బండ్లున్నాయి. డ్రైవర్లు చాయ్ తాగుతున్నారు. హనుమప్ప అని వాళ్ళలో పెద్దవాడు, రెండు ట్యాంకర్ల యజమాని కరుణాకర్, అందరూ ఉన్నారు.

డబ్బా మాసయ్య కాళ్ళ దగ్గర పడేశాను. "ఎన్నిసార్లు అమ్మినవ్ నా ఆయిల్?"

"అమ్మలే సార్. పోసిన."

"ఏంది పోసింది?"

"మన బండికే సార్. నా పైసలతోనే కొన్న. మీరు వద్దంటిరి, గందుకే చెప్పలే." గొంతు తగ్గించాడు. "ఎంకయ్యను అడుగుండ్రి."

"ఎంకయ్య, నువ్వు ఒకే గూటి పక్షులు, వాన్నేం అడుగుతనయ్యా? సొంత పైసలతోని పరాయి బండికి ఆయిల్ పోసెటోడు ఈ దునియాల ఎవడన్న ఉంటడా?" అన్నాను లైనంతా వినబడేటట్టు. "దొంగతనం చేసినోడు అబద్ధమన్న సక్కగ ఆడాలె!"

అందరూ నవ్వారు. కరుణాకర్ అయితే చాయ్ పొలమారేంత నవ్వాడు. మాసయ్య ఒక్కసారి అందరి మొహాలూ చూశాడు, హనుమప్ప మొహం కాస్త ఎక్కువసేపు చూశాడు. హనుమప్ప తల పక్కకు తిప్పుకున్నాడు. మాసయ్య బండి తాళం రెండు చేతులతో నాకు అందించి, సీటు వెనక నుంచి సంచి తీసి, అందులోని చెప్పులు కింద వేసుకుని తొడుక్కుని, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ప్రేమ్‌సాగర్ అనే ఇంకొక డ్రైవరును పెట్టుకున్నాను. నవంబరులో మీటరు పదివేలు దాటింది. పుస్తకం చంకలో పెట్టుకుని నేనే బండితో పాటు వర్క్‌షాపుకు వెళ్ళాను. అక్కడి మేస్త్రి ఆయిల్ దింపి, ఫిల్టరు విప్పి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది మేము బిగించింది కాదు సార్. నడుమ ఎవరో కొత్తది ఏసిండ్రు, మంచిదే ఏసిండ్రు." టార్చి పట్టుకుని ఇంజన్ లోపలికి తొంగి చూశాడు. "నీళ్ళ ట్యాంకర్లు మా దగ్గరికొస్తె లోపల తారు లెక్క పేరుకొని ఉంటది. మీది అద్దం సార్. ఆయిల్ టైముకు మార్చుకుంట వచ్చిండ్రు. ఎవరు సార్ మీ డ్రైవరు? గట్టోడు."

నేను పుస్తకం తెరిచాను. "పదివేలని ఉంది కదయ్యా" అన్నాను. నా గొంతు నాకే బేలగా వినిపించింది.

మేస్త్రి చేతులు తుడుచుకుని, రెండు పేజీలు తిప్పి, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నచోట వేలు పెట్టాడు. ఒకేచోట నిలబెట్టి ఇంజన్‌తో పంపు నడిపే బండ్లకు కిలోమీటర్లు చూడవద్దు, ఇంజన్ తిరిగిన గంటలు చూసి చాలా ముందే ఆయిల్ మార్చాలి అని స్పష్టంగా ఉంది. చిన్న అక్షరాలు చదవడమే ముప్పై మూడేళ్ళు నా ఉద్యోగం. ఆ అక్షరాలు నేను చదవలేదు. అక్షరం రాని మాసయ్య చెప్పింది అక్షరాలా అదే.

అక్కడి నుంచి సోయి లేకుండా కవాడిగూడ వెళ్ళి ఎంకయ్యను అడిగాను. ఎంకయ్య పని ఆపలేదు, నా మొహం కూడా చూడలేదు.

"రెండుసార్లు మార్చినం సార్, మే నెలల ఒకసారి, ఆగస్టుల ఒకసారి. ఐతారం పూట బండి కడిగేటందుకు తెస్తుండె గద, అప్పుడు. ఆయిల్, ఫిల్టర్ ఆయనే కొనుక్కొచ్చిండు. నేను కూలి అడగలే."

"ఎందుకు చేసిండయ్యా అట్ల? బండి నాది గద?"

"నేను గూడ అదే అడిగిన. ఇరవై ఆరేండ్లల్ల కొత్త బండి చేతికొచ్చుడు ఇదే మొదటిసారట సార్. కండ్ల ముందు ఇంజన్ ఖరాబైతుంటే పానం ఒప్పుతలేదన్నడు." అప్పుడు తలెత్తాడు ఎంకయ్య. "మీరు అడగనీకి ఇప్పుడొచ్చిండ్రా సార్?"

సిగ్గుతో చచ్చిపోయాను. అట్లా అంటారు గానీ ఎవరూ చావరు, ఇంటికొచ్చి అన్నం తిన్నాను. విద్యావతికి మాత్రం అంతా చెప్పాను. ఆమె రెండు మూడు రోజులకోసారి, కూర వడ్డిస్తూనో బట్టలు మడతపెడుతూనో, "మాసయ్యను కలిసిండ్రా?" అని అడిగేది. రేపు అనేవాణ్ణి. మోకాళ్ళ నొప్పి అనేవాణ్ణి. మూడు నెలలు గడిపాను. ఎవరు ఎదురుపడినా, ఈయనకు తెలిసిపోయిందా అని లోపల గుబులు. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, ఆ తేలు నన్నే కుట్టింది.

2013 ఫిబ్రవరిలో ఒక పొద్దున తెగించి బోరు దగ్గరికి వెళ్ళాను. కరెంటు పోయి బోరు ఆగిపోయినందున బండ్లన్నీ లైనులోనే ఉన్నాయి. మాసయ్య ఇప్పుడు కరుణాకర్ దగ్గర పని చేస్తున్నాడని అక్కడే తెలిసింది. బండి పాతది, ముందు అద్దం పగిలితే టేపు అంటించి ఉంది. కరుణాకర్ స్వయంగా ఆయిల్ కొలిచే పుల్ల తీసి, దాని మీద తాను గీసుకున్న గీత దాకా ఆయిల్ ఉందో లేదో చూసి, అప్పుడు తాళం మాసయ్య చేతిలో పెడుతున్నాడు. మాసయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

నన్ను చూసి కరుణాకర్ నవ్వాడు. "రాండ్రి సార్. రోజు పొద్దుగాల, పొద్దుమీకి ఇట్లనే చూసుకుంటున్న. మీరు చెప్పబట్టి గద జాగ్రత్త పడ్తున్న, లేకుంటె మనకేం తెలుస్తది?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం భగవంతుడు కూడా ఇవ్వలేడు. నేను "ఊఁ" అన్నాను. అంతే అన్నాను. కరుణాకర్ స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక మాసయ్యను బండి వెనక్కి పిలిచాను. ట్యాంకు చాటున, ఎవరికీ కనబడనిచోట, చేతులు పట్టుకున్నాను. "మాసయ్యా, తప్పయింది. అంతా తెలిసింది నాకు. నువ్వు పోసింది నిజమే. నువ్వు చెప్పిందే పుస్తకంల గూడ ఉన్నది. నిన్ను అన్యాయంగ దొంగ అన్న." నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

మాసయ్య నా చేతుల్లోంచి తన చేతులు మెల్లగా తీసుకున్నాడు. కోపం లేదు ఆయన మొహంలో. ఉంటే బాగుండేది.

"నాకు చెప్తె ఏమొస్తది సార్?" అన్నాడు. "నేను దొంగను కాదని నాకు ఎర్కనే గద."

లైను వైపు చూశాడు. అక్కడ హనుమప్ప ఉన్నాడు. కరుణాకర్ తప్ప ఆ రోజు నవ్విన వాళ్ళందరూ ఉన్నారు, చాయ్ గ్లాసులతో సహా. నేను ట్యాంకు చాటు నుంచి ముందుకొచ్చి వాళ్ళ మధ్య నిలబడ్డాను. మాసయ్య నా వెనకే వచ్చి ఆగాడు. గొంతు సవరించుకున్నాను. అందరూ మాటలు ఆపి నా వైపు తిరిగారు.

"ఏంది సార్?" అన్నాడు హనుమప్ప. "ఏమన్న చెప్పాల్నా?"

నోరు తెరిచాను.

"ఏం లే... కరెంటు ఎన్ని గంటలకొస్తదో అని" అన్నాను.

పదకొండింటికని హనుమప్ప చెప్పాడు. నేను కదలకుండా అక్కడే నిలబడి ఉండేసరికి, మాసయ్య నాకు వినబడలేదనుకున్నాడో, లేక నన్ను ఆ నలుగురిలోంచి బయటపడేద్దామనుకున్నాడో, వెనక నుంచి మర్యాదగా మళ్ళీ చెప్పాడు.

"పదకొండింటికొస్తదట సార్. ఎండల నిలబడకుండ్రి, ఇంటికి పోండ్రి."