చీటీ మీద రాసిచ్చిన మెయిల్ ఐడీ

మా డిగ్రీ కాలేజీలో స్టూడెంట్ల మెయిల్ అకౌంట్లు కొత్త సిస్టంలోకి మారుస్తున్నాం. కంప్యూటర్ ల్యాబ్ చూసేది నేనే. పాత ఐడీ ఆగిపోతుందని తెలిసి, నిరుడు పాసైన అమ్మాయి ఒకతె ఈ రోజు వచ్చింది. పొద్దుట్నుంచీ కూలికి మిరపకాయల తొడిమలు తీసి వేళ్లు మండుతున్నాయని నన్నే టైపు చేయమంది. తెరిస్తే ఎనిమిది నెలల కిందటి ఇంటర్వ్యూ పిలుపు, చదవకుండానే ఉంది.

"దీంట్లోకి మెసేజ్‌లు కూడా వస్తాయా సార్? అప్లికేషన్లో రాయడానికే అనుకున్నా."

అందరికీ ఇచ్చినట్టే ఆ ఐడీ చీటీ మీద రాసిచ్చింది నేనే. తెరిచి చూస్తుండమని మాత్రం చెప్పలేదు. ఇంతమాత్రం అందరికీ తెలుసులే అనుకున్నాను, పెద్ద తెలిసినవాణ్ణి.

మీ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే, మెయిల్ తెరిచి చూస్తున్నారా అని ఒకసారి అడిగి చూడండి. నాకైతే ఇందాకట్నుంచీ ఆ చీటీలు తీసుకున్న మిగతా పిల్లలే గుర్తొస్తున్నారు.