బోణీకి ముందు కొర్రమీను

గంగారత్నానికి బస్సులో చోటు దొరికిందంటే నిలబడటానికి దొరికిందనే అర్థం. చేపల తట్ట బస్సు టాపు మీద, బతికున్న కొర్రమీనుల బిందె కాళ్ల మధ్య. కొల్లేటి ఒడ్డున తెల్లవారుజామునే బయలుదేరి, హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి, పటమటలో దిగేసరికే ఒళ్లు హూనమయ్యేది. అసలు తిరుగుడు అక్కడ మొదలయ్యేది.

అది డెబ్భై అయిదో సంవత్సరం. మూడేళ్ల కూతురు వరాలును గుమ్మంలో అత్త అంకాలమ్మకు అప్పగించి వచ్చేది. పిల్ల పుల్లలా ఉండేది. గంగారత్నం దిగులంతా ఆ పిల్ల కాళ్ల మీదే. నాలుగడుగులేసి కూర్చుండిపోయేది వరాలు.

పటమటలో రోజూ చేపలు కొనే పద్మావతమ్మగారి మనవడిదీ అదే వయసు. వాడు పెరడంతా పరిగెత్తుతుంటే గంగారత్నం చూపు వంటింటి అలమర మీదకు పోయేది. అక్కడ వరసగా పాలపిండి డబ్బాలు, బిస్కట్ డబ్బాలు. ఓహో, ఇదా సంగతి అనుకుంది. అప్పటి నుంచి ఎలాగోలా ఆ డబ్బాలే కొనుక్కుపోయేది. త్వరగా అయిపోకుండా పెద్ద గ్లాసు నీళ్లలో ఒక్క చెంచా కలపమని అత్తకు చెప్పింది. ఎవరు తప్పు పడతారు? తన నోరు కట్టుకుని మరీ కొంది పాపం.

వానలు పట్టే ముందు ఊళ్లోకి నర్సు తెరేసమ్మ వచ్చింది. వరాలు చెయ్యి పట్టుకు చూసి, "ఏం పెడుతున్నావమ్మా దీనికి?" అంది.

"డబ్బా పాలండీ, బిస్కట్లండీ. గొప్పోళ్ల పిల్లలు తినేయే."

"తట్టెడు చేపలు మోస్తావు కదా, ఒక్కటి పెట్టలేవా?"

"మిగిలినయన్నీ ముళ్ల చేపలండీ. మా అత్తకి చూపు ఆనదు, ముళ్లు ఏరలేదు."

"కొర్రమీనుకు అంత ముల్లు లేదుగా?"

"అది అమ్ముకునేదండీ."

తెరేసమ్మ కోప్పడలేదు. "ఇట్టాగే ఉంటే ఒక్క జ్వరం వచ్చినా ఈ పిల్ల తట్టుకోలేదమ్మా" అని మాత్రం చెప్పి వెళ్లింది.

మర్నాడు పద్మావతమ్మగారి అరుగు మీద తట్ట దించి, గంగారత్నం అడిగేసింది. "అమ్మగారూ, బాబుకి ఆ డబ్బాల్లో ఏది ఎక్కువ పెడతారండీ?"

"డబ్బాలా? అవి ఖాళీవే. మా చెల్లెలు వాళ్లింట్లో పారేస్తుంటే తెచ్చి పప్పులూ మెంతులూ పోసుకున్నా. వీడికి నీ కొర్రమీను లేందే ముద్ద దిగదు కదే."

గంగారత్నం పెరట్లో పరిగెత్తే పిల్లాడి వంక చూసింది. రెండేళ్లుగా ఆ పిల్లాడికి కండ పట్టించింది తన బిందెలో చేప. తన చేత్తోనే ఇచ్చింది. ఏడుద్దామన్నా ఓపిక లేదు. ఇంకా నాలుగు వీధులు తిరగాలి.

చేపలమ్ముకునేవాళ్లలో ఒక ఆచారం ఉంది. బోణీ కాకముందు సరుకులోంచి ఇంటికి ఒక్క చేప కూడా తీయరు. తీస్తే బేరం కలిసిరాదంటారు. బోణీ అయ్యాక కొర్రమీను మిగిలేదెప్పుడు? అత్తగారు పాటించింది, తనూ పాటించింది.

మర్నాడు బిందెలో పడింది ఒక్కటే కొర్రమీను. గంగారత్నం దాన్ని తీసి బూడిద రాసి తోమింది. చప్పుడు విని అంకాలమ్మ తడుముకుంటూ వచ్చింది.

"బోణీ కాకుండానే కోత్తన్నావా? బేరం కలిసిరాదే."

"ఇన్నాళ్లూ కలిసొచ్చింది కదత్తా. పిల్ల ఒంట్లో ఏది?"

అంకాలమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఊదింది.

పులుసు దించి, వేళ్లతో ఒక్కొక్క పొరా విడదీసి ముళ్లు ఏరి, అన్నంలో కలిపి పెట్టింది గంగారత్నం. వరాలు తింది. ఇంకా అని నోరు తెరిచింది. ఈలోగా మొదటి బస్సు వెళ్లిపోయింది.

ఎండెక్కాక పటమట చేరింది. పద్మావతమ్మగారు ఖాళీ బిందెలోకి తొంగిచూసి, "కొర్రమీను పడలేదా ఇవాళ?" అన్నారు.

"పడిందండీ" అంది గంగారత్నం, నెత్తి మీది చుట్టకుదురు తీసి చెమట తుడుచుకుంటూ. "ఇంటికాడే బోణీ అయిపోయింది."