బూట్లు విప్పి ఆడిన నాట్యం

ఇప్పుడు మేముంటున్న వెర్రిబీలో మా పిల్లల తడి ఉన్ని సాక్సులు హీటర్ దగ్గర ఆరేసినప్పుడల్లా ఆ వాసనకి నా ఎనిమిదేళ్ల వయసు గుర్తొస్తుంది. అప్పుడు మేం దక్షిణ ఆస్ట్రేలియాలో ఓ పాత రాగి గనుల ఊళ్లో ఉండేవాళ్లం. అమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఒకప్పుడు ఆ గనుల్లో పనికి ఓడలెక్కి కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్లు తమ నాట్యాన్ని కూడా వెంట తెచ్చుకున్నారట. మూడడుగులు, ఒక గెంతు, ఆపైన జంటగా ఒక చుట్టు. అలా ఆడుతూ వీధిగుమ్మంలోంచి వచ్చి పెరటిగుమ్మంలోంచి వెళ్తే ఆ ఇంటికి మంచి జరుగుతుందని వాళ్ల నమ్మకం.

ఆ ఏడు ఊరి పండగనాడు వాళ్ల వారసులు వానలో ఆడుతూ మా గుమ్మం దాకా వచ్చారు. అమ్మ చేయి అడ్డంపెట్టి, "షూస్ ఇక్కడ, ప్లీజ్," అంది.

"అమ్మా, డోంట్. వెళ్లిపోతారు," అన్నాను ఏడుపు గొంతుతో.

"మనింట్లో ఎవరికైనా అంతే."

ముందున్న ముసలాయన బురద బూట్లవంక చూసుకుని, మెట్టుమీద కూర్చుని లేసులు విప్పాడు. వెనకున్నవాళ్లూ విప్పారు. తడి సాక్సులతో హాల్లోంచి, వంటింట్లోంచి గెంతుతూ పెరట్లోకి వెళ్లారు. బూట్ల కోసం మళ్లీ ఇంట్లోంచే వెనక్కి రావాల్సొచ్చింది. వచ్చిన అదృష్టం కూడా వాళ్లతోనే పోయిందని నేను దిగులుపడ్డాను.

మరుసటి ఏడు అమ్మ అడక్కముందే ఆ ముసలాయన మెట్టుమీద కూర్చున్నాడు. ఈసారి అందరూ బూట్లు చేత్తో పట్టుకుని ఆడుతూ పెరటిగుమ్మంలోంచే వెళ్లిపోయారు.

కార్న్‌వాల్ నుంచి వచ్చిన ఆ నాట్యంలో ఒక అడుగు మా అమ్మది.