తెర వెనుక నవ్వు

నా చిన్నప్పుడు వర్ని దారిలో ఉండే చెరకు దొర, ఏటా కోతలు అయిపోగానే నిజామాబాద్ నుంచి మిషను తెప్పించి బంగళా వాకిట్లో మూకీ సినిమా వేయించేవాడు. వాకిలి నడుమ తెల్లగుడ్డ కట్టేవారు. మిషనూ, కుర్చీలూ, దొరా, ఆయన చుట్టాలూ అటువైపు. గుడ్డకు వెనుక, నేల మీద, కోత కూలీలం మేం. మాకు బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనిపించేది. మధ్యలో వచ్చే ఇంగ్లీషు రాతలూ అంతే. రెండో తరగతిలోనే బడికి దండం పెట్టిన నాకు అవి ఎటున్నా ఒకటే.

ఆ ఏటి బొమ్మలో ఒక బక్క నౌకరు పళ్లెంతో జారి, బొజ్జ షావుకారు నెత్తిన పులుసు పోస్తాడు. షావుకారు తన్నబోయి తానే బోర్లా పడతాడు. మేం విరగబడి నవ్వాం. అవతల దొర నవ్వు మా అందరి నవ్వునూ మించి వినిపించింది.

అంతలో తెర మీదికి నల్లటి నీడ ఒకటి వచ్చింది. చేతిలో పళ్లెం. కాలికేదో తట్టి తూలింది, గ్లాసులు ఎగిరాయి. ఇంకో నీడ లేచి దాని చెంప మీద ఒక్కటి కొట్టింది. ఇదీ బొమ్మలోదే అనుకున్నాను. అందరికంటే గట్టిగా నవ్వాను. "ఇంకోటి కొట్టు" అని కేక కూడా వేశాను.

మా మేనత్త నా నోరు మూసింది. "గది బొమ్మ కాదు బిడ్డా. మీ బాపు."

బాపు ఆ పూట దొర చుట్టాలకు చాయ్ అందించడానికి పోయాడు. మిషను వైరు కాలికి తగిలిందట.

అత్త నా రెక్క పట్టుకుని గుడ్డ చుట్టూ తిప్పి అటువైపుకు తీసుకుపోయింది. మా వాళ్లెవరూ పని లేకుండా దాటని చోటది. బాపు వంగి గాజు పెంకులు ఏరుతున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. ఆ కేక ఎవరిదో ఆయన పోల్చుకున్నాడని అప్పుడు తెలిసింది. అత్త పక్కన కూర్చుని తానూ ఏరసాగింది. వెనక్కి పొమ్మన్నాడు దొర.

"ఇటు దిక్కు నుంచి ఎట్ల కానొస్తదో సూసి పోతం దొరా" అంది అత్త, తల ఎత్తకుండానే.

బొమ్మ ఆగలేదు. బక్క నౌకరు మళ్లీ పులుసు ఒలకబోశాడు. ఇప్పుడే బాపు మీద చెయ్యి చేసుకున్న దొర, ధోవతి మీద చాయ్ తడి ఆరకముందే, పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ నవ్వు తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు ఒళ్లు మండుతుంది. ఆయనదొక్కటే కాదు, నాదీ. ఊళ్లో నేనంటే నవ్వించే మనిషినని పేరు. సర్పంచి మీసాన్నీ వదలను. కానీ ఎవరైనా కాలుజారి పడితే మాత్రం నాకు నవ్వు రాదు. ముందు వంగి ముఖం చూస్తాను, మా బాపేమోనని.