బతుకమ్మ నడినెత్తిన నెరీన్ పువ్వు

మా కింది పోర్షన్‌లో ఉండే జర్మన్ పెద్దావిడ వృద్ధాశ్రమానికి వెళ్లిపోతూ నాకు రెండు నెరీన్ పూల దుంపలిచ్చింది. చనిపోయిన భర్త ఏళ్ల తరబడి కష్టపడి పుట్టించిన రకమట, ఏ దుకాణంలోనూ దొరకదు. ఆకు రాలే కాలంలో పొడవాటి కాడ చివర గులాబీ రంగు గుత్తి పూస్తుంది. ఎండ తగిలితే రేకుల మీద బంగారు పొడి చల్లినట్టుంటుంది.

"ఒకటి నువ్వు పెంచు. రెండోది నమ్మకమైన మనిషింట్లో పెట్టు. ఒకటి పోతే ఇంకోదాని పక్కన పుట్టే పిల్ల దుంప తెచ్చుకోవచ్చు. పూసినప్పుడు మాత్రం కోయకుండా నాకు చూపించాలి," అంది. మాటిచ్చాను.

నమ్మకమైన మనిషంటే ఈ జర్మనీ ఊరు ఇంగోల్‌స్టాట్ మొత్తంలో నాకు వరంగల్ అక్కే. నా పురిటికి కారప్పొడి కొట్టి పంపిన మనిషి. కుండీ ఆమె చేతిలో పెట్టి, వేసవిలో దుంప నిద్రపోతుంది, చుక్క నీళ్లు పోయొద్దని మరీ మరీ చెప్పాను.

తీరా మా ఇంట్లోనే ఆ మాట చెల్లలేదు. కరోనాతో ఆఫీసు ఇంటికొచ్చేసరికి మావారికి బాల్కనీ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. మట్టి ఎండిపోయిందని జాలిపడి, నాకు తెలియకుండా రోజూ చెంబుడు నీళ్లు పోశారు. ఆగస్టులో నొక్కి చూస్తే దుంప మెత్తగా కుళ్లిపోయి ఉంది. ఆయన్ని కడిగిపారేసి, ఒక పిల్ల దుంప ఇమ్మని అక్కకు ఫోన్ చేశాను.

"అయ్యో, నాది గూడ కుళ్లిపోయిందే చెల్లె. మొన్ననే పారేసిన," అంది. పాపం బాధపడుతోందని అరగంట కూర్చుని నేనే ఓదార్చాను!

ఆ అక్టోబరులో తెలుగువాళ్లమంతా వీడియోలో బతుకమ్మ ఆడాం. ఎవరిళ్లలో వాళ్లు సూపర్‌మార్కెట్ చామంతులు పేర్చి కెమెరా ముందు పెట్టారు. అక్క బతుకమ్మ తెర మీదికి రాగానే నా చప్పట్లు ఆగిపోయాయి. దాని నడినెత్తిన నా నెరీన్ ఉంది.

"ఆ పువ్వు ఎక్కడ దొరికిందండీ?" అని ఎవరో అడిగారు.

"యాడ దొరుకుతది? మా బాల్కనీల నేనే పెంచిన," అంది నవ్వుతూ.

కెమెరా ఆపేసి ఏడ్చాను. తర్వాత ఫోన్ చేస్తే ఎదురు దబాయించింది. "పిల్ల దుంపలు పంచుకుంట పోతె అందరి కాడ ఉంటది. నా ఒక్కదాని కాడ ఉంటే నీకేం పోయిందే?" పిల్ల ఇవ్వనందుకు కూడా అంత బాధ లేదు. లేని దుఃఖం నటించి నా చేత ఓదార్పు మాటలు చెప్పించుకుందే, అందుకు కడుపు రగిలిపోయింది.

పెద్దావిడకు చూపించడానికి తెర మీంచి తీసుకున్న ఫొటో ఒక్కటే మిగిలింది. ఆశ్రమంలోకి ఎవరినీ రానివ్వడం లేదు. కిటికీ బయట నిలబడి ఫోన్ అద్దానికి ఆనించాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసింది. మొహం వెలిగింది, భర్త పేరు పలికింది. తర్వాత పువ్వు కింద కాడ కోసం చాలాసేపు వెతికింది.

"కోసేశావా?" అంది, కిటికీ సందులోంచి.

నేను కాదు అనబోయాను. అక్క ఎవరో, బతుకమ్మ ఏమిటో, నా వచ్చీరాని జర్మన్‌లో ఎక్కడ మొదలుపెట్టను? ఆవిడ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నిన్ను నమ్మి ఇచ్చానే," అంది.